దేవుడికి ఏం తక్కువ?

గుడికి పాలో పళ్ళో పట్టుకెళ్ళేవాళ్ళని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. లోకాలన్నీ తనవే అయినవాడికి నువ్వు పెట్టే గరిటెడు చక్కెర పొంగలి ఏ మూలకి? సముద్రాలు నింపినవాడికి నీ చెంబెడు నీళ్ళెందుకు? ఇలా అడిగేవాళ్ళందరూ నాస్తికులేం కాదు. వేమన అడిగాడు. కన్నడ దేశంలో శివశరణులు అడిగారు. అందరికంటే సూటిగా అడిగేది మాత్రం ఇంట్లో పిల్లలే. "దేవుడు తినడు కదా, మరి ఎందుకు పెడుతున్నాం?" అంటారు.

ప్రశ్నలో తప్పేమీ లేదు. మనం అలవాటుగా చెప్పే జవాబులే నాకు నచ్చవు. ఈమధ్య బాగా వినిపిస్తున్నది సైన్సు జవాబు. పసుపు క్రిముల్ని చంపుతుందట, కర్పూరం గాలిని శుద్ధి చేస్తుందట, గంట మోగిస్తే మెదడు చురుకవుతుందట. వీటిలో నిజమెంతో తేల్చుకోకుండానే పిల్లలకు నూరిపోస్తున్నాం. నిజమే అనుకున్నా, క్రిముల్ని చంపడానికే అయితే పసుపు దేవుడి ముందు ఎందుకు పెట్టాలి, నట్టింట్లో చల్లుకుంటే సరిపోతుంది కదా అని ఆ పిల్లవాడే అడుగుతాడు. అప్పుడు మన దగ్గర మాట ఉండదు. ఇక రెండో జవాబు వేదాంతం. కొబ్బరికాయ అహంకారం, దీపం జ్ఞానం, వత్తి మనసు అని ఒక్కొక్క వస్తువుకీ ఒక్కొక్క అర్థం చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ తెల్లవారుజామున లేచి, మడి కట్టుకుని, పొయ్యి దగ్గర నిలబడి మహానైవేద్యం వండే మనిషి మనసులో ఈ అర్థాలేవీ తిరగవు. అన్నం పలుకు మీద ఉందా, మెత్తబడిందా అన్నదే ఆవిడ ధ్యాసంతా. స్వామికి వేళ దాటిపోతోందన్నదే ఆవిడ కంగారు.

నా దృష్టిలో అసలు అర్థం ఆ కంగారులోనే ఉంది.

మన పెద్దలు ఏ లోటూ లేనివాడికి కోరి కోరి లోట్లు పెట్టారు. ఆకలి పెట్టారు, దాహం పెట్టారు, నిద్ర పెట్టారు, చలీ ఎండా పెట్టారు. కొన్నిచోట్ల జ్వరం కూడా తెప్పించారు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించుకున్నవాళ్ళందరికీ షోడశోపచారాలు తెలుసు. పురోహితుడు గబగబా చదివేస్తుంటే మనం అక్షతలు వేస్తూ పోతాం గానీ, ఆ వరస ఒక్కసారి నింపాదిగా చూస్తే అదంతా ఇంటికి వచ్చిన మనిషికి చేసే మర్యాదే. రమ్మని పిలుస్తాం. కూర్చోమని పీట వేస్తాం. కాళ్ళకు నీళ్ళు, చేతులకు నీళ్ళు, పుక్కిలించడానికి నీళ్ళు ఇస్తాం. స్నానం చేయిస్తాం, బట్ట కడతాం, గంధం పూస్తాం, పూలు పెడతాం, అన్నం పెడతాం, తాంబూలం ఇస్తాం. పట్టుబట్ట కొనే తాహతు లేకపోతే ఆ బట్ట కోసమే అని చెప్పి నాలుగు అక్షింతలు వేస్తాం, ఆయన కట్టుకుంటాడు. పేదవాడు కూడా మర్యాదలో ఒక్క మెట్టయినా తప్పకుండా అతిథిని చూసుకోవడానికి ఇందులో వీలుంది. నాకు ఈ ఏర్పాటంటే ఎంతో గౌరవం.

తిరుమల వెళ్ళినవాళ్ళు మూలవిరాట్టు గడ్డం మీద తెల్లటి పచ్చకర్పూరపు మచ్చ చూసే ఉంటారు. అది అలంకారం కాదు, గాయానికి వేసిన మందు. భగవద్రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు కొండ మీద స్వామికి పూలతోట వేయడానికి వచ్చి, తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టాడట. ఆయన తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన భార్య తట్టలతో మట్టి మోస్తోంది. ఒక పిల్లవాడు వచ్చి ఆమె చేతిలో తట్ట అందుకున్నాడు. తమ సేవలో ఇంకొకడు వేలు పెట్టడమేమిటని అనంతాళ్వారుకు కోపం వచ్చింది. పిల్లవాడిని తరుముతూ చేతిలో గునపం విసిరితే గడ్డానికి తగిలింది. పిల్లవాడు గుళ్ళోకి పరుగెత్తి మాయమయ్యాడు. లోపలికి వెళ్ళి చూస్తే స్వామి గడ్డం నుంచి నెత్తురు కారుతోంది. అప్పుడు నెత్తురు కట్టడానికి అద్దిన పచ్చకర్పూరం ఈనాటికీ అద్దుతూనే ఉన్నారు. ఆ గునపం మహాద్వారం దగ్గర, లోపలికి వెళ్ళేటప్పుడు కుడివైపు గోడ మీద వేలాడుతూ ఉంటుంది. క్యూలో తోసుకుంటూ వెళ్ళే హడావుడిలో చాలామంది అటు తలెత్తి చూడరు. వీలైతే ఈసారి చూడండి.

స్థలపురాణం చెప్పిన ఈ కథలో నన్ను పట్టుకున్నది స్వామి మహిమ కాదు, అనంతాళ్వారు మొండితనం. సాక్షాత్తు దేవుడు వచ్చి తట్ట పట్టుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. నా పని నేనే చేసుకోవాలి, నా చెమటే పడాలి అన్నాడు. అంత పట్టుదలతో మట్టి మోసేవాడిని దేవుడికి ఏం తక్కువ అని అడిగి చూడండి. పూలు తక్కువ, అందుకే తవ్వుతున్నాను అంటాడు.

తిరుమలలో రోజువారీ సేవలన్నీ ఇదే తీరున నడుస్తాయి. చీకటితో సుప్రభాతం పాడి లేపుతారు. తోమాల సేవయ్యాక కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని సింహాసనం మీద కూర్చోబెట్టి ఆరోజు తిథి, వారం, నక్షత్రం వినిపిస్తారు. ముందురోజు హుండీలో ఎంత వచ్చిందో లెక్క చెబుతారు. అన్నదానానికి విరాళమిచ్చినవాళ్ళ పేర్లు చదువుతారు. ఇంటి యజమానికి తెలియకుండా ఇంట్లో పైసా కదలకూడదన్న పద్ధతి అది. విన్నాక నువ్వులూ బెల్లం కలిపిన నైవేద్యం పెడతారు. లడ్డూలూ వడలూ ఎన్ని చేసినా గర్భగుడి గడప దాటి స్వామి ముందుకు వెళ్ళేది మాత్రం మట్టి కుండ పెంకులో పెట్టిన పెరుగన్నమే. కుమ్మరి భీముడు పగలంతా సారె తిప్పి, పూలు కొనే స్తోమత లేక, మట్టితోనే పూలు చేసి తన గుడిసెలో స్వామికి వేసేవాడన్న కథ ఈ పెంకు వెనక చెబుతారు. తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పూలు పక్కకు జరిగి స్వామి పాదాల మీద ఆ మట్టిపూలు కనిపించాయట. బంగారు వాకిలి ఉన్న గుళ్ళో దేవుడి కంచం మట్టిది కావడం ఎవరి నిర్ణయమో గానీ, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి చేతులెత్తి మొక్కాలి.

రాత్రి ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని వెండి గొలుసుల పట్టెమంచం మీద పడుకోబెడతారు. ధనుర్మాసం వస్తే ఆ మంచం మీదికి కృష్ణుడు వస్తాడు. తాళ్ళపాకవారి లాలిపాట వినిపిస్తుంది. వెనువెంటనే తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి. ఆవిడ 1730లో పుట్టి 1817లో పోయింది. చిన్నతనంలోనే భర్త పోతే, లోకం చెప్పినట్టు పసుపు కుంకుమలు తీసేయనని ఎదురు తిరిగినందుకు ఊరూ, పెద్దలూ పెట్టిన బాధలు అన్నీ ఇన్నీ కావు. శుభకార్యాల్లో ఎదురు రాకూడదని లోకం ఎవరినైతే పక్కన పెట్టిందో, రోజూ నిద్రపోయే ముందు స్వామి చూసే చివరి వెలుగు ఆవిడ పేరు మీదే ఇప్పటికీ వెలుగుతోంది. కొండకు వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి కూడా ఆవిడే. 2011లో తిరుమలలో తెరిచిన పెద్ద అన్నప్రసాద కేంద్రానికి ఆవిడ పేరే పెట్టారు. దేవుడి ఆకలి తెలిసినవాళ్ళకి మనుషుల ఆకలి తెలియకుండా ఉండదు.

ఈ తీరు తిరుమలకే పరిమితం కాదు. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి శంఖంతో నోట్లో పానకం పోస్తారు. గుటకలు వేసిన చప్పుడు వినిపిస్తుందనీ, ఎంత బిందె తెచ్చినా సగమే తాగి మిగతా సగం మనకు ప్రసాదంగా వదిలేస్తాడనీ భక్తుల నమ్మకం. సింహాచలంలో వరాహ నరసింహుడికి ఒళ్ళు మంట. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉండి, వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజు నిజరూపంలో కనిపిస్తాడు. వెంటనే మళ్ళీ మూడు మణుగుల గంధం. ఆ పైన వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు ఇంకో మూడేసి మణుగులు. ఇదంతా సానరాళ్ళ మీద రోజుల తరబడి చేత్తో అరగదీసిన గంధమే. ఉత్తరాంధ్ర నుంచి ఎందరో వెళ్ళే పూరీలో అయితే జ్యేష్ఠ పున్నమి నాడు 108 కుండల నీళ్ళతో స్నానం చేయించేసరికి జగన్నాథుడికి జ్వరం వస్తుంది. పక్షం రోజులు తలుపులు మూసేస్తారు. ఆ రోజుల్లో ఆయనకు మామూలు భోజనం ఉండదు, పళ్ళూ దశమూలాల మందూ ఇచ్చి దైతాపతులు పక్కనే ఉండి చూసుకుంటారు. ఒంట్లో నెమ్మదించాకే రథమెక్కుతాడు. జగత్తుకే నాథుడు జ్వరపడి పడుకోవడమన్న ఊహ ఎక్కడిదో! ప్రేమ తెలిసిన మనుషులకే అది తట్టింది.

న్యాయస్థానాలు కూడా ఈ దారిలోకి రాక తప్పలేదు. కలకత్తాలో మల్లిక్ కుటుంబంలో ఇంటి దేవుడి పూజ వంతుల మీద తగాదా వచ్చింది. తన వంతు వచ్చినప్పుడు విగ్రహాన్ని తన ఇంటికి పట్టుకెళతానని ఒకరు, వీల్లేదని ఇంకొకరు. అది లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దేవుడు మనం ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే సామాను కాదనీ, ఆయనకంటూ ఒక ఇష్టం ఉంటుందనీ, ఆయన తరఫున మాట్లాడటానికి ఏ స్వార్థమూ లేని మనిషిని పెట్టాలనీ 1925లో తీర్పు వచ్చింది. చట్టం కళ్ళకు దేవుడికి ఆస్తి ఉంటుంది, హక్కులుంటాయి. కాకపోతే వాటిని చూసుకోవడానికి ఒక మనిషి చెయ్యి కావాలి. మన ఇళ్ళలో ఏ చదువూ లేని ముసలమ్మలకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు.

మా నాయనమ్మ వైశాఖం రాగానే దేవుడి గూటికి వట్టివేళ్ళ తడక కట్టి మధ్యాహ్నం నీళ్ళు చల్లేది. మాఘంలో చలి తగ్గిందాకా చిన్న శాలువా ముక్క కృష్ణుడి భుజాల మీద ఉండేది. ఊరెళ్ళాల్సి వస్తే పక్కింటి వాళ్ళకు పూజ అప్పజెప్పేటప్పుడు పదిసార్లు చెప్పేది. "పాలు మరీ వేడిగా పెట్టకమ్మా, నోరు కాలుతుంది" అనేది. ఎవరూ నవ్వేవారు కాదు. పక్కింటావిడ కూడా "అలాగే అత్తయ్యా, చల్లార్చే పెడతాలే" అనేది. ఆ ఇద్దరికీ రాయి తినదన్న సంగతి తెలియక కాదు. నైవేద్యం పెట్టి, కళ్ళు మూసుకుని, తర్వాత ఆ గిన్నెలో పాలు తగ్గాయా అని నాయనమ్మ ఎప్పుడూ చూడలేదు. మేం పిల్లలం మాత్రం చూసేవాళ్ళం.

ప్రేమకి చేయడానికి పని కావాలి. పసిబిడ్డ మీద తల్లికి అంత ప్రేమ పెరగడానికి ఒక కారణం ఆ బిడ్డ ఏదీ తనంతట తాను చేసుకోలేకపోవడం. లాల పోయాలి, పాలు పట్టాలి, జోకొట్టాలి. అలా చేస్తూ చేస్తూ ఉంటేనే మమకారం ఊరుతుంది. సర్వశక్తిమంతుడైన దేవుణ్ణి చూసి భయపడగలం, దణ్ణం పెట్టగలం, అది కావాలి ఇది కావాలి అని అడగగలం. ప్రేమించాలంటే మాత్రం ఆయనకు మన అవసరం ఎక్కడో ఒకచోట పడాలి. మన పూజావిధానాలన్నీ ఆ అవసరాన్ని పుట్టించడానికే పుట్టాయని నేను గట్టిగా నమ్ముతాను.

శ్రీవిల్లిపుత్తూరు పెరియాళ్వారు దేవుణ్ణి వరమడగలేదు. గరుడవాహనం మీద అంత అందంగా కనబడిన స్వామికి ఎక్కడ దిష్టి తగులుతుందోనని భయపడి, నూరేళ్ళు చల్లగా ఉండమని ఆయన్నే దీవించాడు. వైష్ణవులు దివ్యప్రబంధ పారాయణ మొదలుపెట్టేది ఆ దీవెనతోనే. తిరువయ్యారులో త్యాగరాజు తన ఇంటి రాముణ్ణి లేపడానికి, ఉయ్యాల ఊపడానికి, నిద్రపుచ్చడానికి వేరువేరుగా తెలుగులో ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కట్టుకున్నాడు. కచేరీలో వాటికి చప్పట్లు పెద్దగా రావు. అవి ఇంట్లో పనిపాటల్లో పాడుకోవాల్సినవి. గోల్కొండ చెరలో రామదాసు పాడిన 'ఇక్ష్వాకు కులతిలక' వినండి. సీతమ్మకు ఏం చేయించాడో, లక్ష్మణుడికి ఏం చేయించాడో నగ నగకీ లెక్క చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు, నోరారా తిడతాడు, చివరికి దెబ్బలకోర్వలేక తిట్టానని క్షమించమంటాడు. అంతగా నిలదీసే చనువు ఎక్కడి నుంచి వచ్చింది? చేతులారా పెట్టినవాడికే అడిగే చనువుంటుంది.

అయితే పెట్టే చెయ్యి ఎవరిదన్న దగ్గర మన సమాజం చాలా పెద్ద అన్యాయం చేసింది. అది చెప్పకుండా భక్తి గురించి ఎంత రాసినా అబద్ధమే అవుతుంది. తిరుమల కొండకు దగ్గర్లోనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడ కూడా దేవుడికి గాయమైంది. శివలింగం కంటి నుంచి నెత్తురు కారుతుంటే బోయ తిన్నడు తన కన్ను పెకిలించి అతికించాడు. రెండో కన్నూ కారడం మొదలయ్యేసరికి, తన రెండో కన్ను తీశాక చోటు కనిపించదు కదా అని చెప్పుకాలి బొటనవేలితో గురుతు పెట్టుకున్నాడు. అంతకుముందు ఆయన పెట్టిన నైవేద్యం వేటమాంసం, పోసిన అభిషేకం పుక్కిట పట్టిన నీళ్ళు. శివుడు ఏదీ కాదనలేదు. ధూర్జటి ఈ కథను కమ్మగా చెప్పాడు, మనం శతాబ్దాలుగా కమ్మగా విన్నాం. విన్నవాళ్ళమే తిన్నడి వంటివాళ్ళను గాలిగోపురం బయట నిలబెట్టాం. దళితులు గుళ్ళోకి రావడానికి మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం చేయాల్సి వచ్చింది. చట్టం వచ్చాక కూడా తలుపులు మూసిన ఊళ్ళున్నాయి. దేవుడికి ఆకలి వేస్తుందని ఒక పక్క నమ్ముతూ, అన్నం పట్టుకొచ్చిన మనిషిని వెనక్కి పంపడం ఆ దేవుణ్ణి పస్తుపెట్టడమే. నాకు తెలిసినంతలో దీన్ని మించిన అపచారం లేదు.

అందుకే నాకు బోనాలంటే ప్రాణం. ఆషాఢంలో గోల్కొండ జగదాంబిక దగ్గర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, లాల్‌దర్వాజకు సాగే ఆ పండుగలో ప్రతి ఇల్లాలూ తన పొయ్యి మీద తానే వండుతుంది. అన్నం, పాలు, బెల్లం కొత్తకుండలో పెట్టి, కుండకు సున్నం, పసుపు, కుంకుమ పూసి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. అమ్మవారికీ ఆమెకీ మధ్యన ఆ కుండ తప్ప ఇంకెవరూ లేరు. మంత్రం రాకపోయినా అమ్మ ఏమీ అనుకోదు. వంట రావాలి, అంతే.

చేత్తో చేసే సేవ ఎంత దూరం పోగలదో చూడాలంటే మాత్రం భద్రాద్రి రాముడి పెళ్ళి తలంబ్రాల దగ్గరికి వెళ్ళాలి. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం పట్టుబట్టలూ ముత్యాల తలంబ్రాలూ పంపడం అందరికీ తెలిసిందే, తానీషా నాటి నుంచి వస్తున్న ఆచారమని చెబుతారు. దానితో పాటు గోదావరి జిల్లాల్లో, తెలంగాణలో వేలమంది భక్తులు నెలల ముందు నుంచీ చేసే పని ఇంకొకటుంది. గోటితో వడ్లు ఒలవడం. రాముడి పెళ్ళి కోసమని విడిగా వరి వేస్తారు. నాట్లకూ కోతకూ ఆంజనేయుడి వేషం, వానర వేషాలు కట్టి పొలంలో దిగేవాళ్ళున్నారు. పండిన వడ్లను తలా కాసిని పంచుతారు.

నేను ఒక గుడి మండపంలో కూర్చుని ఈ ఒలవడం దగ్గర్నుంచి చూశాను. వడ్లగింజ మొన మీద బొటనవేలి గోరు ఆనించి, చూపుడువేలి గోటితో పొట్టు అంచు దొరకబుచ్చుకోవాలి. అక్కడ చిన్న చీలిక ఉంటుంది. ఆ చీలిక దొరికితే పొట్టు ఒక పక్కకు విప్పుకుంటుంది, లోపల బియ్యపుగింజ చిట్లకుండా బయటికి వస్తుంది. దొరక్కపోతే గోరు జారి గింజ విరుగుతుంది. విరిగిన గింజ పెళ్ళికి పనికిరాదు, దాన్ని పక్కన గిన్నెలో వేస్తారు. నాలుగైదు గింజలయ్యేసరికి గోటి కింద గరుకు తగిలి మండుతుంది. వడ్ల నూగు గొంతులోకి పోయి దగ్గు వస్తుంది. చూపానని ముసలావిడ ఒకామె గింజను కళ్ళతో చూడటం మానేసి వేళ్ళతో తడిమి చీలిక పట్టుకుంటోంది. ఆమె దోసిలి పక్కన రాగి చెంబు అడుగున గింజలు పరుచుకున్నాయి. ఒక్కో గింజకూ ఒక రామ అని గొణుగుతోంది. బడి వదిలాక వచ్చిన ఆడపిల్లలిద్దరు ఎవరివి ఎక్కువ అయ్యాయో పోటీ పడుతుంటే ఆమె వాళ్ళని కోప్పడింది. "తొందరపడితే విరుగుతాయే. అవి స్వామి తల మీద పడేవి. ముక్కలు పడితే గుచ్చుకోవూ?"

మిల్లుకు వేస్తే బస్తా వడ్లు కాసేపట్లో బియ్యమవుతాయి. రోట్లో దంచినా ఒక పూట పని. గోటితో ఒలవమని ఏ ఆగమమూ నిర్బంధించలేదు. అయినా ఒలుస్తున్నారంటే, ఆ పని తొందరగా అయిపోకూడదనే. స్వామి తల మీద గుచ్చుకుంటుందేమోనన్న ఆలోచన ఒక మనిషికి వచ్చిందంటే ఆ పూజ ఫలించినట్టే. ఇంకొకరికి ఎక్కడ నొప్పి పుడుతుందోనని ముందే ఊహించగలిగే మనసును తయారుచేయడం కంటే పెద్ద పని ఏ మతమైనా ఏం చేస్తుంది?

ఇప్పుడు భక్తికి వచ్చిన ఇబ్బంది ఇక్కడే. చేతులు పక్కకు తప్పుకుంటున్నాయి. ఫోన్‌లో డబ్బు కడితే మన గోత్రనామాలతో ఎక్కడో అర్చన జరిగిపోతుంది, ప్రసాదం కొరియర్‌లో వస్తుంది. నడవలేనివాళ్ళకు, సముద్రాలు దాటి వెళ్ళి అక్కడ ఉద్యోగాల్లో చిక్కుకున్నవాళ్ళకు అది నిజంగా మేలే. వాళ్ళ సంగతి కాదు నేనంటున్నది. గుడి పక్క వీధిలో ఉండి, ఒంట్లో ఓపిక ఉండి, సేవను టిక్కెట్టుతో ముగించుకునేవాళ్ళ సంగతి. పెద్ద గుళ్ళకు జనం, డబ్బు, బంగారం పోటెత్తుతున్నాయి. అక్కడ మనకు దొరికేది రెండు మూడు క్షణాల దర్శనం. సేవ చేసే చోటు మాత్రం మన ఊళ్ళోనే ఖాళీగా ఉంది.

ఆదాయం లేని చిన్న గుళ్ళకు దీపం వెలిగించడానికి, నైవేద్యం పెట్టడానికి ప్రభుత్వం ధూపదీప నైవేద్యం అనే పథకం పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు అది గుడికి నెలకు 10 వేల రూపాయలు. అర్చకుడి కుటుంబం గడవాల్సిందీ, దేవుడికి వండాల్సిందీ అందులోనే. ఆ పథకంలోకి ఇంకా రాని గుళ్ళూ ఉన్నాయి. శివరాత్రికో ముక్కోటికో తప్ప మనిషి అలికిడి లేని రామాలయాలు, శివాలయాలు, ఊరి చివర అమ్మవారి గుళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. సాయంత్రం అర్చకుడు సైకిల్ మీద వచ్చి నాలుగు గుళ్ళలో వరసగా దీపం పెట్టి వెళ్ళే ఊళ్ళున్నాయి. ఒకాయనను అడిగితే ఏమన్నాడో చెబుతాను. "పాలు రోజూ కుదరడం లేదండీ, బెల్లం ముక్క పెడుతున్నా. స్వామికి అలవాటైపోయింది" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది.

ఈసారి మీ ఊరు వెళ్ళినప్పుడు ఆ గుడికి వెళ్ళండి. హుండీలో నోటు వేసి వచ్చేయకండి. ఒక సీసా నువ్వుల నూనె, రెండు సోలల బియ్యం, కాస్త పెసరపప్పు, బెల్లం పట్టుకెళ్ళండి. గుళ్ళో నూనె ఎన్నాళ్ళకు వస్తోందో, రోజూ నైవేద్యం జరుగుతోందో లేదో అర్చకుణ్ణి అడగండి. వీలుంటే చీపురు పట్టి మండపం ఊడ్చండి, మీ పిల్లల చేత వత్తులు చేయించండి. పొంగలి వండించి, స్వామికి పెట్టి, అక్కడ ఉన్నవాళ్ళందరికీ, ఏ వాడ నుంచి వచ్చినా సరే, పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించండి. ఊళ్ళో ఉండే నలుగురితో మాట్లాడి తలా ఒక వారం నైవేద్యం చూసుకునేలా వంతులు వేసుకోండి. ఆ వంతుల్లో మొదటి వారం మీదే పెట్టుకోండి.